మన ఇంటి హీటర్ నెత్తిమీదే ఉంది

మా ఇళ్ళల్లో ఇంజనీరు అంటే అన్నీ తెలిసినవాడని లెక్క. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది హైదరాబాదులో జావా ఉద్యోగం అని ఎన్నిసార్లు చెప్పినా సరే, మోటార్ ఆగినా, టీవీ రాకపోయినా ఫోన్ నాకే వస్తుంది. పోయిన ఎండాకాలం అలాంటి ఫోన్లు రెండు వచ్చాయి. రెండూ ఏసీ గురించే. ఒకటి అమెరికా నుంచి బావది, ఇంకొకటి నల్గొండ నుంచి అమ్మది. పైకి చూస్తే ఆ రెండు ఇళ్ళకీ పోలికే లేదు. కానీ లెక్కలు వేస్తూ పోతే మొదటి ఇంటి సంగతి రెండో ఇంటికి బాగా పనికొచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామందిమి ఇప్పుడు ఊళ్ళో అమ్మానాన్నలకి ఏసీ పెట్టించే వయసులో ఉన్నాం కదా, ఎవరికైనా ఉపయోగపడొచ్చు.

ముందు అక్క వాళ్ళ ఇల్లు. వాళ్ళుండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. మన తెలుగువాళ్ళు బాగా ఉండే ఏరియానే. కొనుక్కున్నది 1960లలో కట్టిన పాత ఇల్లు. ఆ ఇల్లు కట్టినవాళ్ళకి చలికాలం గురించే దిగులు. అందుకే బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ ఉంది. అది గాలిని వేడి చేస్తుంది, దాంట్లోనే ఉన్న బ్లోవర్ ఆ గాలిని రేకు డక్టుల్లోంచి గదిగదికీ తోస్తుంది. సెంట్రల్ ఏసీ మాత్రం లేదు. వేసవిలో కిటికీకి పెట్టుకునే చిన్న ఏసీలతో నెట్టుకొస్తున్నారు. "హీటింగ్ ఎట్లాగూ ఉంది కదా బామ్మర్దీ, దానికే ఏసీ తగిలించొచ్చంటున్నారు, నిజమేనా?" అని బావ ప్రశ్న.

నిజమే. ఫర్నేస్ పైన, డక్టు మొదలయ్యే చోట ఒక కాయిల్ కూర్చోబెడతారు. ఇంటి బయట కంప్రెసర్ ఉన్న యూనిట్ పెడతారు. రెంటినీ రాగి గొట్టాలతో కలుపుతారు. బయటి యూనిట్‌కి విడిగా కరెంటు లైను, కాయిల్ మీద చేరే నీళ్ళు పోవడానికి ఒక పైపు, గోడ మీద థర్మోస్టాట్‌లో చిన్న మార్పు. బ్లోవర్ పాతదే, డక్టులు పాతవే. చలికాలం అవే డక్టుల్లో వేడిగాలి, ఎండాకాలం చల్లగాలి. మన భాషలో చెప్పాలంటే పాత కోడ్‌ని కదిలించకుండా కొత్త మాడ్యూల్ తగిలించడం అన్నమాట.

అలా తగిలించేటప్పుడు ఏమవుతుందో మనకు బాగా తెలుసు :) ఫర్నేస్ నుంచి వచ్చే గాలి 50 డిగ్రీల పైమాటే. గది 20 దగ్గర ఉంటే తేడా 30 డిగ్రీలు. కాబట్టి కొంచెం గాలి తోసినా గది వెచ్చబడుతుంది. అదే ఏసీ కాయిల్ దాటొచ్చే గాలి 13 డిగ్రీలు, గది 24 అనుకుంటే తేడా 11 మాత్రమే. అంటే అంతే పని జరగాలంటే ఇంకా చాలా ఎక్కువ గాలి తోయాలి. టన్ను ఏసీకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలని అక్కడి వాడుక లెక్క. వేడిగాలి కోసమని సన్నగా వేసిన పాత డక్టులు, పాత బ్లోవర్ అంత గాలిని మోయలేకపోవచ్చు. మోయలేకపోతే కాయిల్ మీద మంచు కడుతుంది, పై గదులు వేడిగానే ఉంటాయి, కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. డక్టులే లేకుండా గోడకి రేడియేటర్లున్న పాత ఇళ్ళయితే ఈ దారే లేదు, మన దగ్గర వాడే స్ప్లిట్ ఏసీల్లాంటివే పెట్టుకోవాలి.

బావ వాళ్ళకి ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చారు. మొదటాయన ఇల్లెన్ని చదరపు అడుగులో అడిగి, అక్కడికక్కడే నాలుగు టన్నులు అన్నాడు. రెండో ఆయన కిటికీలు ఎటు ఉన్నాయో చూశాడు, డక్టులు కొలిచాడు, అటక ఎక్కాడు. కిందికి దిగి, ముందు అటక మీద ఇన్సులేషన్ సరిగ్గా పరిస్తే మూడు టన్నులు చాలన్నాడు. పెద్దది పెడితే ఇంకా మంచిదే కదా అని బావ అడిగితే, కాదన్నాడు. అవసరానికి మించిన ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ తీసేంత సేపు నడవదు. చల్లగా ఉంటుంది గానీ చెమ్మచెమ్మగా ఉంటుంది. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఎలాగూ బయటి యూనిట్ పెడుతున్నారు కాబట్టి, రివర్సింగ్ వాల్వు ఉన్నది, అంటే హీట్ పంపు పెట్టుకుంటే, అదే యూనిట్ ఒక మోస్తరు చలికి ఇల్లు వెచ్చబరుస్తుంది, గడ్డకట్టే చలిలో మాత్రం పాత ఫర్నేస్ అందుకుంటుంది. బావ వాళ్ళు ఆయనకే పని ఇచ్చారు.

నాకు నచ్చింది ఆయన అటక ఎక్కడం. చల్లబరచడం గురించి మాట్లాడే ముందు వేడి ఎటునుంచి వస్తోందో చూశాడు.

ఇక మన నల్గొండ. ఇక్కడి ఇళ్ళకి హీటింగ్ సిస్టం లేదని ఎవరన్నారు? ప్రతి ఇంటికీ ఉంది. నెత్తిమీద ఐదంగుళాల కాంక్రీట్ స్లాబు! గ్యాస్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, థర్మోస్టాట్ లేదు, ఆపడానికి స్విచ్చి కూడా లేదు. పొద్దుటి నుంచీ ఎండ తాగుతుంది. ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మా ఇంట్లో అసలు నరకం మిట్టమధ్యాహ్నం కాదు, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా. బయట గాలి చల్లబడినా లోపల పైకప్పు పెనంలా కాలుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే కిందికి దించుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళది మక్తల్ దగ్గర ఊరు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. అక్కడ పాత ఇల్లు మట్టి మిద్దె. దూలాలు, వాటిమీద దంతెలు, పైన మందంగా మట్టి. గోడలు మూరెడు మందం. మే నెల మధ్యాహ్నం లోపలికి పోతే హాయిగా ఉండేది. అలాగని 'పాత ఇళ్ళే బంగారం' అని నేను రాయబోవట్లేదు. ఏటా వానలకు ముందు పైన కొత్త మట్టి పోసి తొక్కాలి, లేకపోతే కారుతుంది. తేళ్ళు రాలేవి. ఆ చాకిరీ అంతా చేసినవాళ్ళని అడిగితే స్లాబు ఎందుకు వేసుకున్నారో చెప్తారు. పాలమూరు కూలీలు, మేస్త్రీలు వలసపోయి దేశమంతా డ్యాములూ అపార్ట్‌మెంట్లూ కట్టారు. తిండి తగ్గించుకుని ఇంటికి పంపిన డబ్బుతో వేసుకున్నది ఆ స్లాబు. స్లాబు ఇల్లంటే పరువు. ఇవాళ మనం పెద్ద చదువులు చదివి వచ్చి ఎగతాళి చేస్తే బాగోదు. కాకపోతే ఆ స్లాబు ఎండని ఎలా ఆపుతుందన్నది ఎవరూ ఆలోచించలేదు, ఎవరూ చెప్పలేదు.

ఇదేదో సుఖం గురించిన గోల అనుకునేవాళ్ళకి ఒక మాట. 2015 మే నెలలో వీచిన వడగాలులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. తెలంగాణలో ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో మా నల్గొండ ఒకటి. అప్పుడు నేను ఎంసెట్ రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను. రోజూ జిల్లా ఎడిషన్‌లో వడదెబ్బ వార్తలు వరసగా ఉండేవి. ఉపాధి హామీ పనికి పోయినవాళ్ళు, గొర్లకాపర్లు, బస్టాండులో కూలబడ్డ ముసలివాళ్ళు. వాళ్ళతో పాటు, ఎండలోకి అడుగే పెట్టకుండా ఇంట్లోనే పోయిన పెద్దవాళ్ళు కూడా. పగలంతా కాగిన ఒంటికి రాత్రయినా చల్లబడే అవకాశం దొరకాలి. వరసగా నాలుగు రాత్రులు అది దొరక్కపోతే గుండె మీద పడుతుంది. వయసు మీరినవాళ్ళకి దాహం తెలియదు, చెమట సరిగ్గా పట్టదు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్ళని ఇంకా బయటికి తోస్తాయి. మా నాయిన రిటైర్డ్ టీచరు, వయసు 64, బీపీ మాత్రలు వేసుకుంటాడు. అందుకే అమ్మ ఫోను నాకు మామూలు ఫోనులా అనిపించలేదు.

"మీ నాయినకి రాత్రి నిద్ర లేదురా, లేచి బాత్రూంలో నీళ్ళు పోసుకుని వస్తుండు" అంది. నాయినని అడిగితే "ఏసీ ఎందుకురా, ఇన్నేండ్లు బతకలేదా? కూలర్ ఉంది గదా" అన్నాడు.

కూలర్ చెడ్డదేం కాదు. ఏప్రిల్, మేలో మా దగ్గర పొడి వేడి. బయట 43 డిగ్రీలుండి, గాలిలో తేమ 20 శాతం ఉంటే, మంచి కూలర్ 29, 30 డిగ్రీల గాలి ఇవ్వగలదు. ఏసీ తినే కరెంటులో పదో వంతు దగ్గర చాలు. కానీ దానికి రెండు ఇబ్బందులు. ఒకటి నీళ్ళు. మా బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, నెల తిరక్కుండానే కూలర్ గడ్డి మీద తెల్లగా పొర కడుతుంది, గాలి ఆడదు. రెండోది జూన్. నాలుగు చినుకులు పడి తేమ పెరిగిందంటే కూలర్ పని అయిపోయినట్టే. చల్లదనం పోయి ఉక్క మిగులుతుంది. ఆ మూడు నాలుగు వారాలు కూలర్ ఉన్న ఇంటికంటే లేని ఇల్లే నయం.

మా వీధిలో ఏసీ ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టినవే ఎక్కువ. ఒకసారి సరదాగా గమనించాను. వాటిల్లో కొన్ని పిల్లలు సెలవులకి వచ్చిన వారం రోజులే నడుస్తాయి. వాళ్ళ కారు వీధి మలుపు తిరగ్గానే ఏసీ మీద గుడ్డ కప్పేస్తారు. అమ్మానాన్నలకి పిసినారితనం అని మనం నవ్వుకుంటాం గానీ వాళ్ళ లెక్క వాళ్ళకుంది. మన దగ్గర ఇంటి కరెంటు బిల్లు నెలకి 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. కింది వాటాలో అద్దెకుండేవాళ్ళకైతే ఇంకా కష్టం. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకం కింద 200 లోపు వాడితే వాళ్ళకి బిల్లే లేదు, దాటితే అంతా కట్టాలి. 201వ యూనిట్ ధర ఎంతో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

కాబట్టి నా ముందున్న ప్రశ్న ఏ కంపెనీ ఏసీ కొనాలన్నది కాదు. నాయిన భయం లేకుండా రోజూ ఆన్ చేసుకునే ఏసీ ఎలా పెట్టాలన్నది. అందుకని న్యూజెర్సీ కాంట్రాక్టర్ లాగే అటక నుంచి మొదలుపెట్టాను. మన అటక అంటే స్లాబు పైభాగమే.

లెక్క ఇలా ఉంది. టన్ను అంటే ఏసీ బరువు కాదు. టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని తీసేసే శక్తి, సుమారు మూడున్నర కిలోవాట్లు. మా నాయిన పడుకునే గది పన్నెండు బై పన్నెండు. నల్లబడిపోయిన స్లాబు కింద ఆ గదికి, ఎండ గట్టిగా ఉన్న రోజు పైకప్పు నుంచే దగ్గరదగ్గర అర టన్ను వేడి వస్తుందని తేలింది. అంటే టన్ను ఏసీ కొంటే సగం ఏసీ స్లాబుతో కొట్లాడ్డానికే సరిపోతుంది. పైగా ఏసీ మీద రాసిన టన్నులు బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్క. నల్గొండలో 44 ఉన్న రోజున అది ఇంకా తగ్గుతుంది. మనవాళ్ళు చిన్న గదికి కూడా రెండు టన్నులు పెట్టేది ఇందుకే. రోగం స్లాబుది, మందు ఏసీకి.

మొదట స్లాబు కడిగించి పగుళ్ళు పూడ్పించాం. తర్వాత సున్నంలో ఫెవికాల్ కలిపి మూడు పూతలు. కూల్ రూఫ్ పెయింట్లని వస్తున్నాయి, అవి ఎక్కువ కాలం ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. తెల్ల టైల్స్ ముక్కలు పరిపించుకోవచ్చు. మేము సున్నంతో సరిపెట్టాం, ఏడాదికోసారి మళ్ళీ వేసుకుంటే పోయె. మేస్త్రి కూలీతో కలిపి కూడా ఏసీ ధరలో పదో వంతు కాలేదు. నా దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంది, సాయంత్రం ఆరింటికి లోపలి పైకప్పు మీద పెట్టి చూస్తే వేయకముందు 43, వేశాక అదే రకం ఎండ రోజున 38. ఐదు డిగ్రీలంటే చిన్నగా అనిపిస్తుంది గానీ, ఆ గదిలో నిలబడితే తెలుస్తుంది. నెత్తిమీద మంట తగ్గింది. పడమటి కిటికీకి బయటివైపు వెదురు చాప కట్టాం. పరదా లోపల కడితే అప్పటికే వేడి లోపలికి వచ్చేసినట్టే, బయట కడితేనే లాభం.

రెండోది వైరింగు. 1999లో కట్టిన ఇల్లు, అప్పట్లో లైట్లు, ఫ్యాన్లు, ఒక టీవీకి సరిపడా వేసిన సన్నటి వైర్లు. వాటికే ఏసీ తగిలిస్తే గోడలో వైరు కాలుతుంది. మీటరు దగ్గర నుంచి గదికి విడిగా 4 ఎంఎం రాగి వైరు, దానికో ఎంసీబీ, కొత్త ఎర్తింగు. కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు. ఇదంతా కంటికి కనపడని ఖర్చు, అందుకే చాలామంది ఎగ్గొడతారు. ఎండాకాలం ఎర్తింగు గుంత ఎండిపోతుంది, వారానికోసారి బిందెడు నీళ్ళు పోయమని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ఆ పని నాయిన తీసుకున్నాడు.

అన్నీ అయ్యాక ఏసీ. ఒక టన్ను, ఐదు స్టార్లు, ఇన్వర్టర్ రకం. ఒక్క గదికే. సెంట్రల్ ఏసీ మనకెందుకు పనికిరాదంటే, రాత్రిపూట మనం చల్లబరచాల్సింది ఇల్లంతా కాదు, ఇద్దరు మనుషుల్ని. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు ఉంది. మేము 27 దగ్గర పెట్టి, ఫ్యాను రెండులో తిప్పుతున్నాం. బయటి యూనిట్ ఎక్కడ పెట్టాలన్నదాని మీద చిన్న చర్చ జరిగింది. ఎలక్ట్రీషియన్ చూపించిన చోటు సందువైపు గోడ. ఆ సందులోకే పక్కింటి రేకుల వాటా కిటికీ. మన గదిలోంచి తీసిన వేడి, కంప్రెసర్ వేడి కలిపి తిన్నగా వాళ్ళ మొహాన కొడుతుంది. వాళ్ళకి ఏసీ లేదు. గొట్టం పొడుగైనా సరే అని స్లాబు మీదికి, నీడపట్టున పెట్టించాం.

నాయిన ప్రతిరోజూ పొద్దున మీటరు రీడింగు పంచాంగం పక్కన రాసుకుంటున్నాడు. రాత్రికి ఐదారు యూనిట్లు. నెల మొత్తానికి 200 దాటింది, దాటకుండా ఎలాగూ ఉండదు. కానీ ఆయన భయపడ్డంత కాలేదు. మే నెలంతా ఏసీ వేసుకునే పడుకున్నాడు, నేను ఊళ్ళో లేని రోజుల్లో కూడా. నాకు కావలసింది అదే.

ఇక ప్రభుత్వం సంగతి. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, దేశంలో ఇలాంటిది తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. మెచ్చుకోవాల్సిందే. కానీ ఇళ్ళ విషయంలో తప్పనిసరి అన్నది 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. నల్గొండలో, పాలమూరులో స్లాబు కింద ఉడికేది నూటా యాభై గజాల ఇళ్ళు. రేకుల ఇళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళకి రూల్ కంటే మార్చి నెలలో మున్సిపాలిటీ వాళ్ళు పంచే నాలుగు బస్తాల సున్నం ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ప్రతి ఇంటికీ ఏసీ అంటే కరెంటు చాలదు, డబ్బు చాలదు. ప్రతి ఇంటికీ తెల్ల స్లాబు అంటే ఒక్క ఎండాకాలం ముందు అయ్యే పని.

మీరు కూడా ఊళ్ళో ఏసీ పెట్టించే ఆలోచనలో ఉంటే, ఆర్డర్ బటన్ నొక్కే ముందు ఒక ఆదివారం వెళ్ళి రండి. మధ్యాహ్నం మూడింటికి స్లాబు మీద చెయ్యి పెట్టి చూడండి. మీటరు దగ్గర వైరు ఎంత లావుందో చూడండి. పోయిన మే నెల బిల్లు అడిగి తీసుకోండి.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. రాత్రి గది చల్లబడింది సరే, అమ్మ పగలు వంటింట్లో ఉంటుంది. అది ఇంటికి పడమటి మూల, పైన అదే స్లాబు, ముందు రెండు బర్నర్ల పొయ్యి. సున్నం వేశాం, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాం, అయినా పన్నెండింటికి అక్కడ నిలబడలేం. పొయ్యి ఉన్న గదికి ఏసీ పెట్టడం దండగ, కూలర్ పెడితే మంట ఆగదు. పొద్దున ఎనిమిదిలోపే వంట కానిచ్చెయ్యమంటే "మీ నాయినకి మధ్యాహ్నం వేడన్నం లేకపోతే ముద్ద దిగదు" అంటుంది. ఇది ఇంజనీరింగు సమస్య కాదేమో, ముందు నాయినతోనే మాట్లాడాలి. మీ ఇళ్ళల్లో దీనికి ఎవరైనా దారి కనిపెట్టి ఉంటే చెప్పండి, మార్చిలోపే చేయించేస్తాను.